సీటీ స్కాన్ నుంచి త్రీడీ చిత్రం: సమస్యలు, పరిష్కారాలు

సీటీ స్కాన్ ఫైళ్లను త్రీడీ స్లైసర్ అనే వైద్యచిత్రాల సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ఎముకను వేరుచేసి, బ్లెండర్ అనే త్రీడీ చిత్రణ సాఫ్ట్‌వేర్‌లో రంగులు, వెలుగు సమకూర్చి పాఠ్యచిత్రంగానో యానిమేషన్‌గానో మలచవచ్చు. రెండు సాఫ్ట్‌వేర్లూ ఉచితమే. పని మొదలుపెట్టే ముందే డైకామ్ (స్కాన్ చిత్రాల ప్రామాణిక రూపం) ఫైళ్లలోంచి రోగి పేరు, వివరాలు తొలగించాలి. అయితే తల స్కాన్ నుంచి ముఖాన్నే పునర్నిర్మించే వీలుంది కనుక పేరు తీసేసినంత మాత్రాన సరిపోదు, రోగి అనుమతి కూడా తీసుకోవాలి.

సమస్య: పుర్రె ఉపరితలం మెట్లు మెట్లుగా ఉంది

కారణం స్లైసుల, అంటే స్కాన్‌లోని అడ్డుకోత చిత్రాల, మందం. ఒక్కో స్లైసులో పిక్సెల్ పరిమాణం అర మిల్లీమీటరు దాకా ఉన్నా, స్లైసుల మధ్య దూరం 5 మిల్లీమీటర్లు ఉంటే ఆ ఖాళీ మెట్టుగా కనిపిస్తుంది. రేడియాలజీ విభాగాన్ని 1 మిల్లీమీటరు లేదా అంతకంటే పలుచని స్లైసుల సిరీస్ అడగడమే అసలైన పరిష్కారం. అది దొరకనప్పుడు స్మూతింగ్ (ఉపరితలాన్ని నునుపు చేసే ప్రక్రియ) వాడవచ్చు గానీ, దాని మోతాదు పెరిగేకొద్దీ నరాలు బయటికి వచ్చే చిన్న రంధ్రాలు పూడిపోతాయి. అందుకే కంటిగుంట కింద ఉండే ఇన్‌ఫ్రాఆర్బిటల్ ఫోరామెన్ అనే రంధ్రం ఇంకా తెరిచి ఉందో లేదో ప్రతిసారీ చూసుకోవాలి.

సమస్య: ఉండకూడని చోట రంధ్రాలు పడ్డాయి

కంటిగుంట అడుగుభాగం వంటి పలుచని ఎముక, పక్కనున్న గాలితోనో కొవ్వుతోనో కలిసి ఒకే వోక్సెల్‌లో (త్రీడీ చిత్రంలోని అతిచిన్న ఘనంలో) సగటుగా నమోదవుతుంది. కణజాల సాంద్రతను చూపే హౌన్స్‌ఫీల్డ్ కొలమానంలో నీటి విలువ 0, గాలి విలువ -1000 కాబట్టి, ఆ సగటు, ఎముకగా గుర్తించేందుకు మనం పెట్టిన కనీస విలువ (థ్రెషోల్డ్) కంటే దిగువకు పడిపోతుంది. థ్రెషోల్డ్‌ను మొత్తంగా తగ్గిస్తే మెత్తని కణజాలం కూడా ఎముకలో కలిసిపోతుంది. ఆ ప్రాంతం వరకే తగ్గించి, మిగిలిన ఖాళీని స్లైసు స్లైసుకూ బ్రష్‌తో నింపడం మేలు.

సమస్య: కుడి ఎడమలు తారుమారయ్యాయి

అన్నిటిలోకీ ప్రమాదకరమైనది ఇదే, ఎందుకంటే చిత్రం చూడటానికి ఏ లోపమూ లేనట్టే ఉంటుంది. స్కాన్‌ను జేపీజీలుగా మార్చి వాడినప్పుడు దిక్కుల సమాచారం పోతుంది. ఆ స్లైసులను తలకిందుల క్రమంలో పేర్చితే శరీరం అద్దంలోని ప్రతిబింబంలా తయారవుతుంది. రెండో కారణం మరింత సూక్ష్మమైనది. త్రీడీ స్లైసర్ లోపల ఆర్‌ఏఎస్ (కుడి, ముందు, పై దిశలను ధనాత్మకంగా తీసుకునే) అక్షాలను వాడుతుంది, మోడల్ ఫైళ్లను మాత్రం ఎల్‌పీఎస్‌లో (ఎడమ, వెనక, పై దిశలు ధనాత్మకం) భద్రపరుస్తుంది. ఈ మార్పులో రెండు అక్షాలు కలిసి తిరుగుతాయి కాబట్టి మోడల్ 180 డిగ్రీలు తిరిగి కనిపించవచ్చు గానీ ప్రతిబింబం కాదు. దాన్ని ముందుకు తిప్పాలని బ్లెండర్‌లో ఒకే అక్షానికి స్కేల్ -1 ఇస్తేనే అసలు తప్పు జరుగుతుంది. స్కేల్‌ను ముట్టుకోకుండా రొటేషన్ మాత్రమే వాడాలి. ఛాతీ, పొట్ట భాగాల్లో ఎదుటి నుంచి చూస్తే కాలేయం మనకు ఎడమవైపు, గుండె కొన కుడివైపు ఉండాలి. పుర్రెకు అలాంటి గుర్తులు తక్కువ కనుక, ఊడిన పన్నునో వంకర తిరిగిన ముక్కు దూలాన్నో ఆధారంగా తీసుకుని, స్లైసర్ త్రీడీ వ్యూలోని ఆర్, ఎల్ అక్షరాలతో పోల్చాలి.

సమస్య: బ్లెండర్‌లో మోడల్ కనిపించడం లేదు

మిల్లీమీటర్ల అంకెలను బ్లెండర్ మీటర్లుగా చదవడంతో పుర్రె వెయ్యి రెట్లు పెద్దదై కెమెరా హద్దు దాటిపోతుంది. ఇంపోర్ట్ చేసేటప్పుడే స్కేల్ 0.001 ఇవ్వండి.

సమస్య: తెలుగు లేబుళ్లలో ఒత్తులు విడిపోతున్నాయి

ఇలస్ట్రేటర్‌లో ఇండిక్ ఆప్షన్లను ఆన్ చేసి, పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో వరల్డ్ రెడీ కంపోజర్‌ను ఎంచుకుంటే 'మస్తిష్కం', 'అస్థి' వంటి మాటలు సరిగ్గా కూడుకుంటాయి. డీటీపీలో అను ఫాంట్లతో టైపు చేసిన పాఠం యూనికోడ్ కాదు కాబట్టి, ముందుగా దాన్ని యూనికోడ్‌కు మార్చుకోవాలి. యానిమేషన్‌లోకి వెళ్లే లేబుళ్లను ఇంక్‌స్కేప్‌లో రాసి, పాత్‌లుగా మార్చి, ఎస్‌వీజీగా బ్లెండర్‌లోకి తెచ్చుకోవడం సురక్షితం. పాత్‌లుగా మారిన అక్షరాలను తిరిగి దిద్దలేం గనుక, ప్రూఫ్ చూడటం అంతకు ముందే పూర్తికావాలి.