స్టీరింగ్ గీసే ముందు ఛాతీ లెక్క చూడండి

కాకినాడ నుంచో వరంగల్ నుంచో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం పిల్లలు తాము గీసిన స్టీరింగ్ డిజైన్లు పంపి, చూసి చెప్పమని అడుగుతుంటారు. చెన్నైలో విడిభాగాలు తయారుచేసే సంస్థలో నా పని అదే కాబట్టి కాదనను. బొమ్మకు వంక పెట్టడానికి ఉండదు. తోలు కుట్టు, పాటలు మార్చే బటన్లు, నడుమ మెరిసే లోగో, అన్నీ చక్కగా అమరి ఉంటాయి. వెనక ఉండాల్సిన కాలమ్, అంటే స్టీరింగ్ చక్రాన్ని మోసే గొట్టం, మాత్రం కనిపించదు. మహా అయితే ఒక గీత గీసి వదిలేస్తారు. అడిగితే ‘ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది కదా మేడమ్’ అంటారు. ఎయిర్‌బ్యాగ్ సంగతి చివర్లో చూద్దాం. పని మొదలుపెట్టాల్సింది కాలమ్ దగ్గర.

కారు ఎదురుగా దేన్నయినా ఢీకొన్నప్పుడు రెండు కదలికలు ఎదురెదురుగా వస్తాయి. ముందు భాగం నలిగి, చక్రం తిప్పుడును ముందు టైర్లకు అందించే స్టీరింగ్ గేర్ బాక్సును, దానితోపాటు కాలమ్‌ను డ్రైవరు వైపు నెడుతుంది. డ్రైవరు ఛాతీ స్టీరింగ్ చక్రం వైపు దూసుకొస్తుంది. ఈ రెండింటికీ ఒకే మందు పనిచేయదు, విడివిడిగా చూడాలి. పాత కార్లలో గేర్ బాక్సు నుంచి చక్రం దాకా ఒకే తిన్నని కడ్డీ ఉండేది. ముందు భాగం నలిగినంత మేరా ఆ కడ్డీ వెనక్కి వచ్చి డ్రైవరు ఛాతీలో దిగేది. మెర్సిడెస్ బెంజ్ ఇంజనీరు బేలా బారేనీ రూపొందించిన భద్రతా స్టీరింగ్‌కు 1963లో పేటెంటు వచ్చింది. కుదించుకునే కాలమ్ 1967లో ఆ కంపెనీ కార్లలోకి వచ్చింది. అదే సంవత్సరపు మోడళ్లలో జనరల్ మోటార్స్ కూడా తన పద్ధతిలో ఒకటి పెట్టింది. 1968 జనవరి 1 నుంచి అమెరికా దాన్ని చట్టంలోకి తెచ్చింది. మన దేశంలో ఇప్పుడు చూడాల్సిన వాహన భద్రతా ప్రమాణం ఏఐఎస్-096. ఇది ఐక్యరాజ్యసమితి 12వ నిబంధన బాటలో నడుస్తుంది.

మొదటి కదలిక సంగతి తొందరగా తేలిపోతుంది. గంటకు 48 కి.మీ. పైచిలుకు వేగంతో గోడను ఢీకొట్టినప్పుడు కాలమ్ పై కొస 127 మి.మీ. కంటే ఎక్కువ వెనక్కి రాకూడదు. పైకి లేచేది కూడా అంతకు మించకూడదు. గేర్ బాక్సుకూ కాలమ్‌కూ మధ్య ఉండే షాఫ్టును రెండు యూనివర్సల్ జాయింట్లతో, అంటే ఎటైనా వంగే కీళ్లతో, వంకరగా నడిపించండి, నడుమ ఒకదానిలోకి ఒకటి జారే అమరిక పెట్టండి. ముందు నుంచి తోపు వస్తే అది మడతపడుతుంది లేదా కుదించుకుంటుంది. గేర్ బాక్సు, షాఫ్టు, కాలమ్ మూడూ ఒకే గీత మీదకు వచ్చాయంటే మళ్లీ ఆ పాత కడ్డీనే తయారుచేసినట్టు. ఇంజను నలిగి వెనక్కి వచ్చినప్పుడు ఆ షాఫ్టు మడవడానికి చోటు మిగిలిందో లేదో కూడా చూసుకోండి.

అసలు పని రెండో కదలికతోనే. పరీక్షలో 35 కిలోల మొండెం దిమ్మెను గంటకు 24.1 కి.మీ. వేగంతో చక్రానికి కొడతారు. చక్రం దాని మీద చూపే బలం 11.11 కిలోన్యూటన్లు దాటకూడదు (ఒక కిలోన్యూటన్ అంటే దాదాపు వంద కిలోల బరువు మోపే బలం). కంప్యూటర్లో డిజైన్ గీసే క్యాడ్ తెరవకముందే కాగితం మీద ఈ లెక్క వేయండి. 24.1 కి.మీ. అంటే సెకనుకు 6.7 మీటర్లు. 35 కిలోలకు ఆ వేగంలో ఉండే శక్తి సుమారు 785 జౌళ్లు. దీన్ని మీరు ఎక్కడో ఒకచోట మింగాలి. సగటున 11 కిలోన్యూటన్ల బలంతో ఆపితే 71 మి.మీ. చాలు, కానీ అది గీత మీద నడక, కొలతలో చిన్న తేడా వచ్చినా పరీక్ష పోతుంది. 5 కిలోన్యూటన్లతో ఆపితే 157 మి.మీ. కావాలి. కాలమ్‌కు దొరికే దారి 100 మి.మీ. అనుకుందాం. మిగిలిన 57 మి.మీ. ఎక్కడి నుంచి వస్తుంది? రిమ్మూ స్పోకులూ వంగి ఇవ్వాలి. స్టీరింగ్ డిజైన్ అంటే ఈ 157 మిల్లీమీటర్లను ఎవరెవరికి పంచాలో తేల్చడమే. ఈ పంపకం చేయని డిజైను ఎంత అందంగా ఉన్నా నేను తిప్పి పంపేస్తాను.

ఇక కాలమ్ నిజంగా కుదించుకుంటుందా అన్న ప్రశ్న. ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. కాలమ్ నేలకు సమాంతరంగా ఉండదు, కార్లలో 25 డిగ్రీల వాలు మామూలే. ఛాతీ నెట్టేది మాత్రం అడ్డంగా. 5 కిలోన్యూటన్ల తోపులో కాలమ్ వెంబడి వెళ్లేది 4.5. మిగతా 2.1 కిలోన్యూటన్లు దాన్ని పైకి వంచడానికి చూస్తాయి. బీరువా సొరుగును ఒక మూల పట్టుకుని తోస్తే ఎలా బిగుసుకుంటుందో, ఒక గొట్టంలోకి ఇంకో గొట్టం జారే చోట అదే జరుగుతుంది. చక్రం నుంచి గొట్టాలు కలిసే చోటికి 300 మి.మీ., ఒకదానిలో ఒకటి దూరి ఉన్న పొడవు 100 మి.మీ. అనుకోండి. ఆ రెండు అంచుల మీద పడే ఒత్తిళ్లను కలిపితే వంచే బలానికి ఏడింతలు. ఘర్షణ గుణకం 0.15 తీసుకుంటే, 2.2 కిలోన్యూటన్లు రాపిడికే పోతాయి. అంటే కుదింపుకు వచ్చిన బలంలో దాదాపు సగం. ఆ దూరి ఉన్న పొడవును, అంటే అతివ్యాప్తిని, 200 మి.మీ. చేస్తే ఇది 1.3కు దిగుతుంది. ఖర్చు జానెడు గొట్టం కూడా కాదు, అయినా మొదట కోత పడేది ఆ పొడవుకే. కుదింపు మొదలయ్యాక అతివ్యాప్తి పెరుగుతుంది, చక్రం దగ్గరకు వస్తుంది, రాపిడి తగ్గుతుంది. మొదటి కొన్ని మిల్లీమీటర్లదే గండం.

కూరగాయలు మోసే మినీ ట్రక్కుల్లో డ్రైవరు ముందు చక్రాల మీదే కూర్చుంటాడు, కాలమ్ దాదాపు నిటారుగా ఉంటుంది. అక్కడ కుదింపు మీద ఆశ పెట్టుకోకండి. బ్రాకెట్ లొంగి కాలమ్ ముందుకు వాలేలా, రిమ్ ఎక్కువగా వంగేలా చూడటమే దారి. ఆ డ్రైవరు ముందు నలగడానికి బానెట్ కూడా ఉండదు. అలాంటి ప్రాజెక్టు ఎవరైనా ఎంచుకుంటే కార్లను ఎంచుకున్నవాళ్ల కంటే నాకు ఎక్కువ సంతోషం.

కాలమ్‌ను డాష్‌బోర్డు వెనక ఉన్న అడ్డ దూలానికి పట్టి ఉంచే క్యాప్సూల్‌ను ఒక్కసారి చేత్తో పట్టుకుని చూడండి. తుక్కు దుకాణంలో పాత కాలమ్ దొరికితే కొనండి, పుస్తకం కంటే అది మేలు. బొటనవేలంత అల్యూమినియం దిమ్మె ఉంటుంది. ఉక్కు బ్రాకెట్‌లో డ్రైవరు వైపు తెరిచి ఉన్న గాడిలో అది కూర్చుంటుంది. రెండింటిలోనూ కలిసి ఉన్న చిన్న చిన్న రంధ్రాల్లోకి ప్లాస్టిక్ పోసి గట్టిపరుస్తారు. అవే పిన్నులు. ఛాతీ తాకగానే పిన్నులు తెగుతాయి, దిమ్మె బోల్టుతో అక్కడే ఉండిపోతుంది, బ్రాకెట్ కాలమ్‌తో పాటు ముందుకు జారుతుంది. అటుపైన బలాన్ని నిలకడగా పట్టి ఉంచేది మడతపెట్టిన ఉక్కు పట్టీ. జారుతున్న కొద్దీ దాని మడత విప్పుకుంటూ శక్తిని తింటుంది. పట్టీ మందం కాస్త మారినా బలం బాగా మారిపోతుంది, అందుకే రేకు కొనేటప్పుడు మందం హెచ్చుతగ్గుల హద్దును డ్రాయింగులో కచ్చితంగా రాయండి. పిన్నులు మరీ బలంగా ఉంటే మొదటి దెబ్బ ఛాతీకి తగులుతుంది. మరీ బలహీనమైతే, చక్రం పట్టుకుని దిగే లావాటి మనిషి బరువుకే తెగుతాయి.

రిమ్ సంగతికి వద్దాం. చక్రం వాలి ఉంటుంది కాబట్టి కింది అంచు ముందుగా పొట్టకు తగులుతుంది. కాలేయం, ప్లీహం ఉన్న చోటు అది. కింది భాగం ముందుగా వంగి, చక్రం మొత్తం ఛాతీకి సమాంతరంగా తిరిగేలా కింది స్పోకులను పలుచగా ఉంచండి. బలం ఒక గీత మీద కాకుండా ఛాతీ అంతా పరుచుకోవాలి. లోపలి అస్థిపంజరాన్ని మెగ్నీషియంతో పోత పోయడం ఇప్పుడు వాడుక. మిశ్రమం ఎంచుకునేటప్పుడు బలం పట్టిక చూసి ఏజడ్91కు వెళ్లకండి, అది వంగకముందే విరుగుతుంది. ఏఎం50, ఏఎం60 సాగుతాయి. విరిగిన స్పోకు మొన ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. స్పోకూ రిమ్మూ కలిసే చోట పోతలో గాలి బుడగలు మిగులుతాయి, ఎక్స్-రే అక్కడ తీయించాలి.

తల పరీక్ష వేరు. 165 మి.మీ. వ్యాసం ఉన్న తల నమూనాను అదే 24.1 కి.మీ. వేగంతో కొడతారు. చక్రం నడిబొడ్డయిన హబ్ నడుమ, అన్నిటికంటే బిగువైన స్పోకు రిమ్మును కలిసే చోట, ఆసరా లేని రిమ్ మధ్యలో. 80 జీ (భూమి గురుత్వ త్వరణానికి 80 రెట్లు) దాటిన సమయం మొత్తం 3 మిల్లీసెకన్లకు మించకూడదు, 120 జీని అసలు తాకకూడదు. అన్నిటికంటే మొండిగా ఉండేది ఆ రెండో చోటే, మీ సిమ్యులేషన్ అక్కడి నుంచి మొదలుపెట్టండి.

ఇప్పుడు ఎయిర్‌బ్యాగ్. 2019 జులై 1 నుంచి మన దేశంలో కొత్త కార్లకు డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. బ్యాగు దానంతట అది నిలబడదు, రిమ్మును ఆనుకుని నిలబడుతుంది. పొట్ట కోసం కింది రిమ్మును అతిగా మెత్తబరిస్తే బ్యాగు కిందికి జారి ఛాతీ నేరుగా హబ్‌కు తగులుతుంది. ఇందాకటి పంపకాన్ని ఇక్కడ మళ్లీ సవరించాల్సి వస్తుంది, విసుక్కోకండి. బ్యాగు నిండటానికి సుమారు 30 మిల్లీసెకన్లు పడుతుంది. డ్రైవరు 127 మి.మీ. ముందుకు కదిలే సమయం నుంచి ఆ 30 తీసేస్తే, ఏ క్షణానికి పేల్చాలో తెలుస్తుంది. చేతి లెక్కకు ఇది చాలు. బ్యాగును కప్పే మూత లోపలి వైపు చిరుగు గీత మాత్రమే పలుచగా ఉండాలి, మూత ముక్కలు కాకూడదు. గడ్డకట్టే చలిలోనూ, ఎండలో నిలిపిన కారు వేడిలోనూ పేల్చి చూస్తారు, మైనస్ 35 నుంచి 85 డిగ్రీల దాకా. లోగో ఊడిపోయిందంటే అది నేరుగా ముఖానికే. హారన్ ప్యాడ్ మీద లోహపు బొమ్మ అంటించుకునే మన అలవాటుకు నాకున్న కోపం ఇందుకే.

మరో మాట, మీ నమూనా డ్రైవరు మగవాడే కానక్కర్లేదు. అయిదడుగుల స్త్రీ పెడల్ అందుకోవడానికి సీటు ముందుకు జరుపుకుంటుంది. ఛాతీకీ హబ్‌కూ మధ్య 25 సెం.మీ. ఉండాలన్నది మామూలు సలహా, ఆమెకు అంత దక్కదు. ఆమె కొలతలతో ఒకసారి, సీటు బెల్టుతో ఒకసారి, లేకుండా ఒకసారి లెక్క నడపండి. డ్రైవరుకు ఎదురుగా ఉండే ఏ అంచూ 2.5 మి.మీ. గుండ్రదనం కంటే వాడిగా ఉండకూడదు. బట్టలూ నగలూ చిక్కుకునే భాగాలు ఉండకూడదని నిబంధనలోనే ఉంది. గాజుల చేత్తో ఒకసారి చక్రం తిప్పి చూడండి, బటన్ల సందుల్లో లోపం దొరికిపోతుంది.

పరీక్ష అయ్యాక గ్రాఫు దగ్గరకు పరుగెత్తకుండా ముందు కాలమ్ విప్పండి. రెండు క్యాప్సూళ్లూ సమానంగా ఊడాయా? ఒకటి ఊడి రెండోది గాడిలోనే ఇరుక్కుంటే కాలమ్ పక్కకు తిరిగిందన్నమాట, బ్రాకెట్ గాడుల అంచులు చూడండి. గొట్టం మీద గీరుడు ఒకే వైపు లోతుగా ఉంటే అది రాపిడి, అతివ్యాప్తి చాలలేదు. పట్టీ మడత ఎంత దూరం విప్పుకుందో స్కేలుతో కొలవండి. మీరు కాగితం మీద కాలమ్‌కు ఇచ్చిన 100 మి.మీ.లో అది 40 దగ్గరే ఆగి, గ్రాఫు మాత్రం 11 కిలోన్యూటన్ల లోపే ఉంటే, ఆ మిగతా శక్తిని రిమ్ తిన్నట్టే. అలాంటి చక్రం పరీక్షలో నెగ్గినా డ్రాయింగు మీద సంతకం పెట్టకండి.