టేప్ లైబ్రరీ కనబడలేదా? చెయ్యి పెట్టే ముందు

అక్టోబరు వానలకు ముందు చెన్నైలో సర్వర్ రూములకు పవర్ షట్‌డౌన్లు మామూలే. కరెంటొచ్చాక లైనక్స్ బ్యాకప్ సర్వర్‌కి టేప్ లైబ్రరీ (టేపులు, వాటిమీద రాసే డ్రైవులు, టేపులు మార్చే రోబో ఉన్న పెట్టె) కనబడకపోతే:

– టెస్టుకైనా ఎస్‌టీ0 (టేప్ డ్రైవుకి లైనక్స్ ఇచ్చే పేరు, /dev/st0) మీద రాయొద్దు. అది మూయగానే టేపును మొదటికి చుట్టేస్తుంది, తర్వాత రాసింది పాత బ్యాకప్ మీద పడుతుంది. అదే డ్రైవుకి చుట్టని పేరు ఎన్‌ఎస్‌టీ0. అయినా సరే, డ్రైవులో ఖాళీ టేపే పెట్టండి.

– రీబూట్‌తో ఎస్‌టీ0, ఎస్‌టీ1 తారుమారు కావచ్చు. కాన్ఫిగ్‌లో బై-ఐడీ పేర్లే (/dev/tape/by-id కింద ఉండే, రీబూట్‌తో మారని పేర్లు) ఇవ్వండి.

– ముందు లైబ్రరీ ఆన్. అది రెడీ అన్నాకే సర్వర్.

– ఎల్‌ఎస్‌ఎస్‌సీఎస్‌ఐ (lsscsi, సర్వర్‌కి కనబడే స్కజీ పరికరాలు చూపే కమాండ్) జాబితాలో డ్రైవు 'టేప్'గా, రోబో 'మీడియమ్‌ఎక్స్'గా రావాలి. డ్రైవొచ్చి రోబో రాలేదా? కేబుల్ పీకకండి. చాలా లైబ్రరీల్లో రోబోకి వేరే కేబుల్ ఉండదు, ఏదో ఒక డ్రైవు వెనకే ఎల్‌యూఎన్ 1గా (అదే కనెక్షన్‌లో రెండో పరికరంగా) ఉంటుంది. లైబ్రరీ ప్యానెల్లో కంట్రోల్ పాత్ (రోబోకి ఆదేశాలు ఏ డ్రైవు గుండా వెళ్తాయో ఆ సెట్టింగ్) చూడండి.

– బ్యాకప్ నడుస్తుండగా రీస్కాన్ (పరికరాలను మళ్లీ వెతికించడం) వద్దు.

– డ్రైవు రూట్‌కి (అడ్మిన్ యూజర్‌కి) తెరుచుకుని బ్యాకప్ యూజర్‌కి తెరుచుకోకపోతే, ఆ యూజర్ 'టేప్' గ్రూపులో ఉన్నాడో లేదో చూడండి.