కడుపు నిండిన పేషెంట్‌కు మత్తు ఇచ్చే ముందు జాగ్రత్తలు

అర్ధరాత్రి ఎమర్జెన్సీ సిజేరియన్. స్పైనల్‌కు (నడుము కింది భాగానికే వెన్నులో ఇచ్చే మత్తు) వీల్లేదు, పూర్తి మత్తే ఇవ్వాలి. మత్తులో కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోకుండా, మందు ఎక్కించే ముందు ఇవి చూసుకోండి.

• ఎప్పుడు, ఏం తిన్నారో మీరే అడగండి. మంచినీళ్లకు 2 గంటలు, తేలికపాటి భోజనానికి 6 గంటలు అన్నది ముందుగా అనుకున్న ఆపరేషన్ల లెక్క. నొప్పుల్లో ఉన్న తల్లికి ఎన్ని గంటలైనా కడుపు నిండే ఉందనుకోవాలి.

• కడుపులో ఆమ్లాన్ని తగ్గించే సోడియం సిట్రేట్ 30 మి.లీ. తాగించారా?

• సక్షన్ (నోట్లోని ద్రవాన్ని లాగే యంత్రం) ఆన్‌లోనే ఉంచి గొట్టం దిండు కింద పెట్టండి. వేలు అడ్డం పెట్టి లాగుతోందో లేదో చూడండి. ఈ ఒక్కటీ ఎవరికీ వదిలేయొద్దు.

• శ్వాసనాళంలో వేసే ట్యూబ్ 7 సైజు, పక్కనే 6.5. కఫ్ (ట్యూబ్ చివర గాలి నింపే బుడగ) నింపి చూడాలి. బూజీ (ట్యూబ్‌కు దారి చూపే సన్నటి కడ్డీ), ఎల్‌ఎంఏ (స్వరపేటిక మీద ఆనించే మాస్క్) చేతికందాలి.

• తల వైపు ఎత్తు, ఒళ్లు ఎడమకు వాలు. మాస్క్ బిగుతుగా ఆనించి 3 నిమిషాలు ఆక్సిజన్.

• కడుపులోది పైకి రాకుండా క్రికాయిడ్ (గొంతు ముందున్న ఉంగరం లాంటి మృదులాస్థి) నొక్కేవాళ్లకు ముందే చెప్పండి: మెలకువలో 10 న్యూటన్లు, మత్తు ఎక్కాక 30. కాప్నోగ్రాఫ్‌లో (వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్‌ను చూపే యంత్రం) అల కనిపించి, కఫ్ నిండేదాకా చెయ్యి తియ్యకూడదు. స్వరపేటిక సరిగా కనబడకపోతే మాత్రం సడలించమనండి. వాంతి చేసుకుంటుంటే వెంటనే వదిలేయాలి, లేకపోతే అన్నవాహిక చిట్లే ప్రమాదముంది.

• ద్రవం పైకొస్తే తల వైపు దించి, ముందు సక్షన్, తర్వాతే ఊపిరి అందించడం.

• ట్యూబ్ పడకపోతే ఏం చేస్తారో టీమ్‌కు వినబడేలా ముందే చెప్పండి. ఆ టెన్షన్‌లో ఆలోచించే టైమ్ ఉండదు.

• ఆపరేషన్ అయ్యాక పూర్తి మెలకువ వచ్చి, మాట వింటేనే ట్యూబ్ తీయండి.