ఫ్రెషా, ఫ్రోజెనా: ఎలా తేల్చుకోవాలి, తర్వాత ఏం చూసుకోవాలి

ఐవీఎఫ్‌లో, అంటే ల్యాబ్‌లో పిండాన్ని తయారు చేసే చికిత్సలో, ఆ పిండాన్ని అదే సైకిల్‌లో గర్భాశయంలో పెడితే ఫ్రెష్, ఫ్రీజ్ చేసి తర్వాత పెడితే ఫ్రోజెన్ ట్రాన్స్‌ఫర్. ఫ్రీజ్ చేసిన పిండం పెడితేనే సక్సెస్ ఎక్కువ అని ఎవరైనా చెబితే, ఎవరికి ఎక్కువ అని అడగండి. 2016లో చైనాలో పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య) ఉన్న 1,508 మంది మీద చేసిన అధ్యయనంలో ఫ్రోజెన్‌తో 49.3 శాతం మందికి, ఫ్రెష్‌తో 42 శాతం మందికి బిడ్డ పుట్టింది. 2018లో, పీసీఓఎస్ లేకుండా అండం మామూలుగా విడుదలయ్యే 2,157 మందిలో చూస్తే ఫ్రోజెన్‌తో 48.7 శాతం, ఫ్రెష్‌తో 50.2. అంటే తేడా లేనట్టే.

ఫ్రీజ్ చేయడానికి గట్టి కారణాలు వేరే ఉన్నాయి. ఇంజెక్షన్లకు ఫాలికల్స్ (అండం పెరిగే తిత్తులు) ఇరవై దాకా పెరిగితే ఓహెచ్‌ఎస్‌ఎస్, అంటే అండాశయాలు మితిమీరి స్పందించే సమస్య, వస్తుందన్న భయం ఉంటుంది: పొట్ట ఉబ్బుతుంది, ఆయాసం వస్తుంది, మూత్రం తగ్గుతుంది. అప్పుడే గర్భం కూడా వస్తే ఇది ముదురుతుంది. ట్రిగ్గర్ (అండాలు పక్వమవడానికి ఇచ్చే చివరి ఇంజెక్షన్) రోజున రక్తంలో ప్రొజెస్టరాన్ హార్మోన్ 1.5 ng/mL దాటినా, గర్భాశయ పొర 7 మి.మీ.కి చేరకపోయినా, లోపల నీరు కనిపించినా ఆగడమే మేలు. ఇవేవీ లేకపోతే ఫ్రెష్ ట్రాన్స్‌ఫర్‌కి వెనకాడక్కర్లేదు.

ఫ్రోజెన్ అనుకున్నాక అసలు అడగాల్సింది పొరను ఎలా తయారు చేస్తారని. నెలసరి సక్రమంగా వచ్చేవాళ్లు నేచురల్ సైకిల్ (సొంతంగా అండం విడుదలయ్యే నెలలోనే పిండం పెట్టడం) కుదురుతుందా అని తప్పక అడగాలి. మాత్రల పద్ధతిలో సాధారణంగా పొరను పెంచే ఈస్ట్రోజెన్ మాత్ర, ఎస్ట్రడయోల్ వాలరేట్, రోజుకు 6 మి.గ్రా. ఇస్తారు. పొర 7 మి.మీ. దాటాక ప్రొజెస్టరాన్ మొదలుపెట్టి, ల్యాబ్‌లో ఐదు రోజులు పెరిగిన పిండాన్ని (ఐదో రోజు పిండం) ప్రొజెస్టరాన్ ఆరో రోజున పెడతారు. ప్రొజెస్టరాన్ మొదటి డోసు ఏ తేదీన, ఎన్ని గంటలకు వేసుకున్నారో రాసి పెట్టుకోండి. ఆ లెక్క తప్పితే పొర, పిండం ఒకదానికొకటి అందవు. డోసు మర్చిపోతే దాచకుండా వెంటనే క్లినిక్‌కి చెప్పండి. మాత్రల పద్ధతిలో అండం విడుదల కాదు, కాబట్టి ఒంట్లో సొంత ప్రొజెస్టరాన్ తయారవదు. టెస్ట్ పాజిటివ్ వచ్చిందనో, కాస్త రక్తం కనిపించిందనో మీ అంతట మీరు ఆపకూడదు. సాధారణంగా గర్భం 10–12 వారాలకు వచ్చేదాకా వాడాలి.

అండం విడుదలయ్యాక అండాశయంలో మిగిలే కార్పస్ లూటియం అనే భాగం ప్రొజెస్టరాన్ ఇవ్వడమే కాదు, రక్తనాళాలు గర్భానికి సర్దుకోవడానికి కూడా తోడ్పడుతుంది. మాత్రల సైకిల్‌లో అది ఉండదు, బీపీ ముప్పు పెరగడానికి అదో కారణమని భావిస్తున్నారు. 2016 అధ్యయనంలోనే ప్రీఎక్లాంప్సియా (గర్భంలో బీపీ పెరిగి ఇతర అవయవాలకు ఇబ్బంది కలిగించే సమస్య) ఫ్రోజెన్‌లో 4.4 శాతం, ఫ్రెష్‌లో 1.4. అందుకే 12వ వారంలోనే రాత్రిపూట ఆస్పిరిన్ అవసరమా అని డాక్టర్ని అడగండి. 16 వారాలు దాటాక మొదలుపెడితే ఫలితం తక్కువ. బీపీ 140/90కి చేరినా, తగ్గని తలనొప్పి, చూపు మసక, పక్కటెముకల కింద నొప్పి వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

బిడ్డ సంగతికొస్తే, ఫ్రెష్‌లో బరువు తక్కువగా, నెలలు నిండకుండా పుట్టడం కొంచెం ఎక్కువ. ఫ్రోజెన్‌లో నెలలకు మించిన బరువు కొంచెం ఎక్కువ. చివరి మూడు నెలల్లో గ్రోత్ స్కాన్ వదలొద్దు. అయితే ఈ తేడాల కన్నా కవలల వల్ల వచ్చే ముప్పు చాలా పెద్దది. మంచి బ్లాస్టోసిస్ట్ (ఐదో రోజు దశకు చేరిన పిండం) ఉంటే ఒక్కటే పెట్టించుకోండి.

ప్రసవ తేదీని నెలసరిని బట్టి లెక్కించకండి. ఐదో రోజు పిండమైతే ట్రాన్స్‌ఫర్ తేదీకి 261 రోజులు, మూడో రోజుదైతే 263 రోజులు కలపాలి. కాన్పుకి పుట్టింటికి వెళ్తే అక్కడి డాక్టరుకి ఈ తేదీ, ఫ్రెషా ఫ్రోజెనా, మాత్రల సైకిలా నేచురలా అన్నది రాసి ఉన్న కాగితం మొదటి రోజే ఇవ్వండి.