అధికారి అనుమతి లేని నోటి అద్దె ఒప్పందం చెల్లుతుందా? తేల్చుకునే పద్ధతి

కాగితం లేకుండా నోటిమాట మీద ఇల్లో కొట్టో అద్దెకు ఇచ్చి పుచ్చుకోవడం మన ఊళ్లలో మామూలే. తగాదా వచ్చేదాకా ఎవరికీ చట్టం గుర్తురాదు. వచ్చాక మాత్రం, ఖాళీ చేయించాలనుకున్న యజమానిగానీ, ఖాళీ చేయనన్న కిరాయిదారుగానీ, "ప్రభుత్వ అనుమతి తీసుకోలేదు కాబట్టి అసలు ఒప్పందమే లేదు" అంటారు. ఆ వాదన ఒక్కోచోట నిలుస్తుంది, చాలాచోట్ల నిలవదు. విన్నవెంటనే బెదిరి ఇల్లు వదిలేసినవాళ్లు నష్టపోతారు గనుక, ముందు ఈ తేడా తెలుసుకోవడం అవసరం.

మొదట చేయవలసిన పని, అనుమతి కావాలంటున్న చట్టాన్ని తెరిచి, అనుమతి లేకపోతే ఏమవుతుందని అందులో రాసి ఉందో చదవడం. "అనుమతి తీసుకోవాలి" అనడం వేరు, "తీసుకోకపోతే ఆ బదిలీ చెల్లదు" అనడం వేరు. మొదటి రకానికి మంచి ఉదాహరణ ఉత్తరప్రదేశ్ 1972 నాటి అద్దె నియంత్రణ చట్టం. దాని ప్రకారం జిల్లా మేజిస్ట్రేటు కేటాయింపు ఉత్తర్వు లేకుండా భవనాన్ని అద్దెకు ఇవ్వకూడదు. అలా ఇచ్చిన ఒప్పందం ఇద్దరి మధ్యా చెల్లుతుందా అన్న ప్రశ్న నూతన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చినప్పుడు, 2002లో కోర్టు చెల్లుతుందనే చెప్పింది. మహారాష్ట్రలోని విదర్భకు వర్తించిన 1949 నాటి అద్దె నియంత్రణ ఉత్తర్వు మీద నానక్‌రాం కేసులో 1986లో ఇచ్చిన తీర్పునే అక్కడ అనుసరించింది. అధికారికి ఆ ఒప్పందం కట్టుబాటు కాదు. ఆయన తన అధికారాన్ని వాడుకోవచ్చు, చట్టం చెప్పిన శిక్షా పడవచ్చు. కానీ అద్దె తీసుకుంటూ వచ్చిన యజమాని, ఆ ఇంట్లో ఉంటూ వచ్చిన కిరాయిదారు ఒకరి మీద ఒకరు ఆ లోపాన్ని ఆయుధంగా వాడుకోలేరు. ఆ ఉత్తరప్రదేశ్ చట్టం స్థానంలో 2021లో కొత్తది వచ్చినా, ఈ తీర్పుల్లోని సూత్రం ఇప్పటికీ ఉపయోగపడేదే.

రెండో రకం మన ఏజెన్సీ ప్రాంతాల్లోనే ఉంది. పాడేరు, రంపచోడవరం, భద్రాచలం, ఉట్నూరు వంటి షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1959 నాటి భూ బదలాయింపు నిబంధన, దానికి 1970లో వచ్చిన సవరణ అమలులో ఉన్నాయి. జనం దీన్నే 1/70 అంటారు. ఇందులో బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు, కౌలు కూడా. గిరిజనులకో, కేవలం గిరిజనులే సభ్యులుగా ఉన్న సొసైటీకో తప్ప మరెవరికి భూమి ఇచ్చినా అది చెల్లదని స్పష్టంగా రాసి ఉంది. గిరిజనేతరుడికి నోటిమాట మీద కౌలుకిచ్చినా, స్టాంపు కాగితం మీద రాసిచ్చినా ఫలితం ఒకటే. ఎన్నేళ్ల నుంచి సాగుచేస్తున్నా, ఎంత డబ్బు ముట్టజెప్పినా అధికారి ఆ భూమిని ఖాళీ చేయించి తిరిగి ఇప్పించవచ్చు. గిరిజనుల భూమి చేజారకుండా కాపాడే నిబంధన ఇది. దీన్ని పక్కదారిలో దాటే ప్రయత్నం చేయవద్దని గట్టిగా చెబుతున్నాను.

మీది మొదటి రకమైతే తర్వాత గడువు చూడండి. ఇళ్లు, దుకాణాల విషయంలో ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్ ప్రకారం ఏడాదికి మించిన లీజుకు, ఏడాదికేడాది సాగే లీజుకు, అద్దెను ఏడాది లెక్కన నిర్ణయించిన లీజుకు రిజిస్టరైన దస్తావేజు ఉండాలి. తక్కినవి నోటిమాటతో, ఆస్తిని స్వాధీనం చేయడంతో చెల్లుతాయి. మరి ఐదేళ్లకని మాట అనుకుని ఉంటే? ఆ ఐదేళ్లను కోర్టులో నిలబెట్టుకోలేరు. అయినా స్వాధీనం ఇచ్చి, అద్దె పుచ్చుకుంటున్నారు గనుక నెలనెలా సాగే అద్దె సంబంధం మిగులుతుంది. రిజిస్టరు కాని ఐదేళ్ల లీజు విషయంలో సుప్రీంకోర్టు 2000లో ఆంథోనీ కేసులో చెప్పింది ఇదే. అలాంటి అద్దెను ముగించాలంటే, వేరే ఒప్పందమో ప్రత్యేక చట్టమో లేనప్పుడు, పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి.

ఇక మిగిలింది రుజువు, నోటి ఒప్పందం నిలిచేదీ పడిపోయేదీ ఇక్కడే. ఈ నెల నుంచే అద్దెను బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో పంపి, ఏ నెల అద్దె అన్నది అందులో రాయండి. నగదు ఇస్తే రశీదు అడగండి. అడ్వాన్సు ఎంత ఇచ్చారో, అద్దె ఎంతో ఒక సందేశంలో రాసి పంపి, యజమాని జవాబును జాగ్రత్త చేయండి. కరెంటు బిల్లులు, గ్యాసు కనెక్షను కాగితాలు, ఇరుగుపొరుగు సాక్ష్యం మీరు అక్కడ ఉంటున్నారని చూపిస్తాయి. పాత తేదీ వేసి ఇప్పుడు దస్తావేజు సృష్టించడం మాత్రం నేరం, అది ఉన్న హక్కును కూడా పోగొడుతుంది.

యజమాని తాళం మార్చి సామాను బయట పడేస్తే, నిర్దిష్ట పరిహార చట్టం 6వ సెక్షన్ కింద స్వాధీనం తిరిగి ఇప్పించమని ఆరు నెలల్లోగా దావా వేయాలి. ఈ గడువు దాటితే ఆ దారి మూసుకుపోతుంది. లాయరు ఖర్చు భరించలేనివారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేయవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండానే అక్కడ ఉచిత సహాయం దొరుకుతుంది.