సీజ్ అయిన జెట్ స్కీ ఇంజిన్ మార్చడం ఎలా? మళ్లీ సీజ్ కాకుండా ఏం చేయాలి?

జెట్ స్కీ సెల్ఫ్ నొక్కితే ‘టక్’మని ఒక్క చప్పుడు చేసి ఊరుకుంటే, ఇంజిన్ సీజ్ అయిందని, అంటే లోపల పట్టేసి తిరగడం లేదని తేల్చేసి కొత్తదాని రేటు కనుక్కోవడం మొదలుపెడతాం. ఆ ఫోన్ రేపు చేసినా నష్టం లేదు. ముందు తేలాల్సినవి రెండున్నాయి. నిజంగా సీజ్ అయిందా? అయితే దేనివల్ల? రెండోది తేలకుండా ఎక్కించిన ఇంజిన్ కూడా పాతదాని దారే పడుతుంది.

సెకండ్ హ్యాండ్‌లో చవకగా దొరికే పాత యమహా, కవాసాకి, సీ-డూ బండ్లలో ఎక్కువ భాగం కార్బొరేటర్ ఉన్న రెండు సిలిండర్ల టూ స్ట్రోక్‌లే. ఇక్కడ చెప్పేది ప్రధానంగా వాటి గురించే. ఫోర్ స్ట్రోక్ సంగతి చివర్లో చూద్దాం.

నిజంగా సీజ్ అయిందా?

బండిని ట్రాలీ మీదికి ఎక్కించి, సీటు తీసి కాసేపు గాలి ఆడనివ్వండి. లోపల పెట్రోలు ఆవిరి నిండి ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. బీడీ, సిగరెట్ దగ్గరికి రానివ్వకండి. బ్యాటరీకి ముందు నెగెటివ్ వైరు, తర్వాత పాజిటివ్ విప్పండి.

ఇప్పుడు బండి కింద నీళ్లు పీల్చే జాలీ చూడండి. జెట్ స్కీకి బయట ఫ్యాన్ ఉండదు. బోరు మోటారులో లాగే లోపల ఇంపెల్లర్ తిరిగి నీళ్లను వెనక్కి చిమ్ముతుంది. దాని అంచుకూ చుట్టూ ఉన్న గోడకూ మధ్య సందు మిల్లీమీటరు కూడా ఉండదు. అందులో గులకరాయో నైలాన్ తాడో ఇరుక్కుంటే దాన్ని ఇంజిన్‌తో కలిపే కడ్డీ (షాఫ్ట్) తిరగదు, అచ్చం ఇంజిన్ పట్టేసినట్టే అనిపిస్తుంది. మానేరు డ్యామ్ అయినా లక్నవరం అయినా మన నీళ్లలో చేపల వల ముక్కలకు కొదవ లేదు. వినాయక నిమజ్జనం తర్వాత గుడ్డలు, దారాలు, బతుకమ్మ తర్వాత తంగేడు, గునుగు కట్టలు కట్టలుగా తేలుతుంటాయి. ఇంపెల్లర్ ఉండే పంపు బోల్టులు విప్పి పంపును వెనక్కి లాగండి. ఆ తర్వాత ఇంజిన్ చేత్తో తిరిగిందంటే జబ్బు ఇంజిన్‌ది కాదు, పంపుది.

అప్పటికీ తిరగకపోతే స్పార్క్ ప్లగ్‌లు విప్పి మళ్లీ ప్రయత్నించండి. ప్లగ్ రంధ్రాల్లోంచి నీళ్లు ఎగజిమ్మితే సిలిండర్లలోకి నీళ్లు పోయాయన్నమాట. నీళ్లను పిస్టన్ నొక్కలేదు కాబట్టే ఆగిపోయింది. ప్లగ్‌లు తీయకుండా సెల్ఫ్ మీద సెల్ఫ్ కొడితే పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నీళ్లు కక్కించడానికి బ్యాటరీ మళ్లీ కలిపి సెల్ఫ్ కొట్టాల్సి వస్తే, ముందు ప్లగ్ వైర్లను ఎర్త్ చేయండి, అంటే ఇంజిన్ లోహానికి తగిలించి ఉంచండి. లేదంటే చిమ్మిన పెట్రోలుకు స్పార్క్ తగిలి మంట లేస్తుంది.

నీళ్లూ లేవు, చేత్తోనూ కదలడం లేదంటే సీజ్ అయినట్టే. ప్లగ్ రంధ్రాల్లో తుప్పు వదిలించే ఆయిల్ పోసి రాత్రంతా ఉంచితే కొన్ని కదులుతాయి. కదిలింది కదా అని స్టార్ట్ చేసి చెరువులోకి దించకండి. పిస్టన్ల కింద తిరిగే ఇరుసు, అదే క్రాంక్, దాని బేరింగ్‌లకు తుప్పు పట్టి ఉంటే అది మిమ్మల్ని చెరువు మధ్యలో వదిలేస్తుంది.

పిస్టన్ ఏం చెబుతోంది?

హెడ్ (సిలిండర్ల పై మూత) విప్పాక తొందరపడి దేన్నీ తుడవకండి. పిస్టన్‌నూ సిలిండర్ గోడలనూ ఫోటోలు తీసుకోండి. అన్నిటికన్నా ముందు చూడాల్సింది, పోయింది ఒక్క సిలిండరా, రెండూనా అని. ఒక్కటే పోతే ఆ సిలిండర్ కార్బొరేటర్, దాని ప్యాకింగ్, ఆ వైపు క్రాంక్ సీల్ అనుమానితులు. రెండూ పోతే ఆయిల్ పంపు, కూలింగ్, పెట్రోలు లాంటి ఉమ్మడి కారణం వెతకాలి.

గీతలు ఎగ్జాస్ట్ వైపే ఉంటే వేడి ఎక్కువైంది, లేదా ఆయిల్ అందలేదు. పిస్టన్ చుట్టూ నాలుగు చోట్ల సమానంగా పడితే, చల్లగా ఉన్న ఇంజిన్‌ను ఒక్కసారిగా ఫుల్ థ్రాటిల్ కొట్టారన్నమాట. అలా కొడితే సిలిండర్ కంటే ముందే పిస్టన్ వ్యాకోచించి పట్టేస్తుంది. ఎక్కగానే హ్యాండిల్ నొక్కేసే కుర్రాళ్లకు బండి కిరాయికిచ్చే చోట ముందు దీన్నే అనుమానించాలి. పిస్టన్ నెత్తి మీద రంధ్రం పడితే మిశ్రమంలో పెట్రోలు తగ్గింది, లేదా పెట్రోలు నాసిరకం. కింద క్రాంక్ ఎర్రగా తుప్పు పట్టి ఉంటే నీళ్లు పోయాక ఎవరూ పట్టించుకోలేదని అర్థం.

నా లెక్కలో ఎక్కువ ఇంజిన్లను చంపేది పెట్రోలు తగ్గి గాలి ఎక్కువవడమే. మండే మిశ్రమం పలచబడితే వేడి పెరుగుతుంది. ఆయిల్ పెట్రోలులోనే కలిపే బండిలోనైతే పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా తగ్గుతుంది. కార్బొరేటర్ కింది ప్యాకింగ్ చిట్లినా, క్రాంక్ సీల్ అరిగినా, కార్బొరేటర్ లోపలి చిన్న జాలీ మూసుకుపోయినా ఫలితం ఒకటే. 1990ల సీ-డూల్లో బూడిద రంగు పెట్రోలు పైపు కనిపిస్తే ఆలోచించకుండా కోసి పారేయండి. అది లోపల కుళ్లి పచ్చటి జిగురై ఆ జాలీలో పేరుకుంటుంది.

మనకు ఇంకో చిక్కు కూడా ఉంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలు. జెట్ స్కీ కంపెనీలు సాధారణంగా 10 శాతం దాకానే ఒప్పుకుంటాయి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును పాడు చేస్తుంది. అందుకని ఇంజిన్ మార్చేటప్పుడు పెట్రోలు పైపులన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్చేయాలి.

ఇంజిన్ దించడం

ట్యాంకులో పెట్రోలు తోడేయండి. విప్పే ప్రతి వైరుకూ పైపుకూ టేపు అంటించి నంబరు వేయండి. సైలెన్సర్ పైపు, కార్బొరేటర్లు, థ్రాటిల్, చోక్ కేబుళ్లు, కూలింగ్ పైపులు, ఆయిల్ పైపులు వరసగా తీయండి. ఆయిల్ పైపు చివర్లు మూసి పెట్టకపోతే ట్యాంకు మొత్తం బండి అడుగున ఒలికిపోతుంది.

ఆ తర్వాత మౌంటింగ్ బోల్టులు. వాటి కింద షిమ్‌లనే పలుచని రేకులుంటాయి. ఏ మూల ఎన్ని ఉన్నాయో రాసుకుని, నాలుగింటినీ నాలుగు కవర్లలో వేయండి. ఇంజిన్, షాఫ్ట్ ఒకే గీతలో ఉండేది ఈ రేకుల వల్లే. పైకి లేపడానికి చైన్ పుల్లీ వాడండి, చేతులతో సాహసం వద్దు.

బోరు కొట్టించాలా, వేరే ఇంజిన్ కొనాలా?

క్రాంక్ బాగుండి, సిలిండర్‌కు గీతలే పడితే బోరు కొట్టించి, అంటే సిలిండర్ లోపలి గోడను కాస్త చెక్కించి, ఓవర్ సైజు పిస్టన్ వేయొచ్చు. వరంగల్‌లో ఒకప్పుడు ఆర్‌ఎక్స్ 100 సిలిండర్లు బోరు చేసిన పాత లేత్ మేస్త్రి దొరికితే వదలకండి, టూ స్ట్రోక్ నాడి వాళ్లకే తెలుసు. అయినా రెండు మాటలు గట్టిగా చెప్పండి. పిస్టన్‌కు వదలాల్సిన సందు ఆ ఇంజిన్ మాన్యువల్‌లో ఉన్నంతే ఉండాలి, బైక్ లెక్క పనికిరాదు. బోరు అయ్యాక పోర్టుల (సిలిండర్ గోడలోని రంధ్రాల) అంచులు నున్నగా రాయాలి, లేకుంటే రింగులు తగులుకుని విరుగుతాయి. నికాసిల్ అనే గట్టి లోహపు పూత ఉన్న సిలిండర్‌ను మామూలుగా బోరు చేయడం కుదరదు.

క్రాంక్‌కు తుప్పు పట్టినా, పక్కకు తిరిగినా రీబిల్డ్ చేసిన ఇంజిన్ కొనడమే మేలు. గోవా తీరంలో తిరిగిన పాత ఇంజిన్ చవకని తెచ్చుకుంటే మాత్రం కూలింగ్ దారుల్లో ఉప్పు పేరుకుని ఉందేమో చూసుకోండి.

ఎక్కించే ముందు, ఎక్కించాక

విరిగిన రింగు ముక్కలు, పిస్టన్ తునకలు సైలెన్సర్‌లోకీ గాలి పెట్టెలోకీ చేరి ఉంటాయి. రెండింటినీ కడిగి దులపండి. కార్బొరేటర్లకు కొత్త కిట్ వేయండి. ఇంజిన్ బయట ఉండగానే ప్రెషర్ టెస్ట్ చేయించండి. అన్ని దారులూ మూసి 5 పీఎస్ఐ (టైర్లలో గాలి ఒత్తిడి కొలిచే లెక్కే) గాలి కొట్టి, అతుకుల మీద సబ్బు నురగ రాస్తే ఎక్కడ కారుతోందో బుడగలే చూపిస్తాయి. నిమిషానికి ఒక పీఎస్ఐ కంటే ఎక్కువ పడిపోతే ఆ ఇంజిన్‌ను ఎక్కించకండి. మెకానిక్ ‘ఇదంతా ఎందుకు సార్’ అన్నా వినకండి.

ఇంజిన్ కూర్చోబెట్టి, షిమ్‌లు వాటి చోట్లలో పెట్టాక, ఇంజిన్‌నూ షాఫ్ట్‌నూ కలిపే కప్లింగ్ వరస సరిచూడండి. వంకర ఉంటే వణుకు వస్తుంది, ఆ వణుక్కి వెనక సీల్ అరుగుతుంది, అరిగిన సీల్‌లోంచి గాలి దూరి మళ్లీ మొదటికొస్తుంది. ఆయిల్ పంపు ఉన్న బండికి, గాలి బయటికి వదిలే బ్లీడ్ స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా ఆయిల్ కారనిచ్చి బిగించండి. యమహా, కవాసాకిలకు టీసీ-డబ్ల్యూ3 రకం ఆయిల్, సీ-డూల్లో ఉండే రోటాక్స్ ఇంజిన్లకు ఏపీఐ-టీసీ రకం ఆయిల్ (డబ్బా మీద రాసి ఉంటుంది). బైక్ టూటీ ఆయిల్ తెచ్చి పోయకండి. ఆయిల్ పంపు ఉన్నా సరే, మొదటి ట్యాంకు పెట్రోలులో లీటరుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్ కలపండి.

గట్టు మీద పైపు పెట్టి నడిపేటప్పుడు ముందు ఇంజిన్ స్టార్ట్ చేసి, తర్వాతే నల్లా తిప్పండి. ఆపేటప్పుడు ముందు నల్లా, ఒకట్రెండు సార్లు రేజ్ చేశాక ఇంజిన్. వరస మారితే నీళ్లు సైలెన్సర్ నిండి సిలిండర్లలోకి వెనక్కి వస్తాయి. నీళ్లు లేకుండా 15 సెకన్లకు మించి నడపొద్దు.

చెరువులో మొదటి గంట సగం థ్రాటిల్ దాటకండి, ఒకే స్పీడు మీదా ఉంచకండి. తర్వాత ప్లగ్ తీసి చూడండి. కాఫీ రంగులో ఉంటే బాగున్నట్టు. తెల్లగా పాలిపోయి ఉంటే అక్కడే ఆపి గాలి ఎక్కడ దూరుతోందో వెతకండి.

ఇకముందు

పక్కనుంచి సన్నగా చిమ్మే కూలింగ్ నీటి ధార మీద కన్నుండాలి. ధార ఆగితే ఇంజిన్ ఆపాలి. ఎండాకాలం నీళ్లు అడుగంటి, బురద పైకి తేలిన చోటా, గుర్రపు డెక్క అల్లుకున్న చోటా నడపకపోవడం మంచిది. కనీసం నడుముల్లోతు నీళ్లలోకి తోసుకెళ్లాకే స్టార్ట్ చేయండి. వారాల తరబడి ఆపేస్తే ట్యాంకు ఖాళీ చేసి, ప్లగ్ రంధ్రాల్లో కాస్త ఆయిల్ పోసి ఇంజిన్‌ను తిప్పి ఉంచండి.

ఫోర్ స్ట్రోక్ బండిలో ఆయిల్ కర్ర మీద పాల రంగు కనిపిస్తే నీళ్లు కలిశాయి. స్టార్ట్ చేయకుండా ఆయిల్, ఫిల్టర్ మార్చి, నీళ్లు ఎటునుంచి వచ్చాయో కనుక్కోవాలి.

బండి తిరగబడితే వెనక స్టిక్కర్ మీద బాణం చూపిన వైపే తిప్పి లేపండి. ఎదురు తిప్పితే సైలెన్సర్‌లోని నీళ్లు నేరుగా ఇంజిన్‌లోకి దిగుతాయి. ఆగిపోయిన బండిని ఇంకో పడవకు కట్టి లాక్కొచ్చేటప్పుడు గంటకు 8 కిలోమీటర్లు దాటకండి, లేదా పంపు నుంచి ఇంజిన్‌కు వెళ్లే నీళ్ల పైపును క్లిప్‌తో నొక్కిపెట్టండి. ఒడ్డుకొచ్చాక స్టార్ట్ చేసే ముందు ఆ క్లిప్ తీయండి.