బ్లేడు జోలికి వెళ్లే ముందు ప్లగ్ వైరు తీయండి

గడ్డి కోసే పెట్రోలు యంత్రం అడుగున తడి గడ్డి ముద్దకట్టి ఇరుక్కుందా? ఇంజను ఆపేశాం కదా అని చెయ్యి పెట్టకండి. ముందు స్పార్క్ ప్లగ్ వైరు ఊడలాగి, మళ్లీ ప్లగ్‌కు తగలకుండా పక్కకు వంచి పెట్టండి. తోసుకుంటూ వెళ్లే యంత్రాల్లో చాలావాటికి బ్లేడు నేరుగా ఇంజను షాఫ్టుకే బిగించి ఉంటుంది. చేత్తో బ్లేడు తిప్పితే లోపల పిస్టన్ కూడా కదులుతుంది. ఆ కదలికకే నిప్పురవ్వ పుట్టి ఇంజను ఒక్కసారి తిరిగినా వేళ్లు దక్కవు. వైరు తీశాక కూడా గడ్డిని కర్రముక్కతోనే గీకండి.

యంత్రాన్ని వాల్చేటప్పుడు ఎయిర్ ఫిల్టర్ ఉన్న వైపు పైకి ఉండాలి. కిందికి ఉంటే ఆయిలు ఫిల్టర్‌లోకి దిగి దాన్ని తడిపేస్తుంది. తర్వాత ఇంజను స్టార్టు కావడమే కష్టమవుతుంది, స్టార్టు అయినా పొగ కక్కుతుంది.

బ్లేడు విప్పి సాన పట్టారా? బిగించే ముందు మధ్య రంధ్రాన్ని గోడకు కొట్టిన మేకుకు తగిలించి చూడండి. ఏ కొస కిందికి వాలితే ఆ కొసను ఇంకాస్త అరగదీయండి, అడ్డంగా నిలిచేదాకా. నాకైతే ఈ పనే అన్నిటికన్నా ముఖ్యం అనిపిస్తుంది. బరువులో తేడా ఉన్న బ్లేడు యంత్రాన్నంతా వణికిస్తుంది, షాఫ్టు బేరింగులను తినేస్తుంది.

పెట్రోలు మాత్రం ఇంజను చల్లారాకే పోయండి. తోసే యంత్రంతో వాలు నేల మీద అడ్డంగా కోయండి, ఎగువకూ దిగువకూ కాదు. కాలు జారితే యంత్రం మీదికి వస్తుంది.